విభీషణుడి కన్నీటిని కత్తిరించకండి

రామాయణ, భారత కథలను ఈ తరానికి మళ్లీ చెబుతున్న రచయితలకు, ప్రవచనకర్తలకు, సినిమా, టీవీ ధారావాహికల దర్శకులకు నమస్కారం.

ఇటీవల ఒక ధారావాహికలో ఇంద్రజిత్తు వధ చూశాను. విభీషణుడు దూరం నుంచి వేలు చూపించాడు. లక్ష్మణుడు బాణం వేశాడు. ఇంద్రజిత్తు తల తెగిపడగానే విభీషణుడు రెండు చేతులూ పైకెత్తి జయజయధ్వానాలు చేశాడు. వెనక శంఖాలు మోగాయి. ఘట్టం ముగిసిపోయింది.

వాల్మీకి రామాయణంలో ఇంద్రజిత్తు పడిపోవడానికి ముందు విభీషణుడు వానరవీరులతో కొన్ని మాటలు అంటాడు. ‘వాడికి నేను తండ్రివరస వాణ్ణి, కొడుకులాంటివాణ్ణి నా చేతులతో చంపడం తగదు. అయినా రాముడి కోసం జాలి చంపుకుని ఆ పనికి సిద్ధపడ్డాను. తీరా చంపబోతే కళ్లకు నీళ్లు అడ్డుపడుతున్నాయి. అందుకని లక్ష్మణుడే వీణ్ణి కడతేర్చాలి.’ ఇదీ ఆ మాటల సారం. ఇంద్రజిత్తు పడ్డాక లక్ష్మణుణ్ణి అభినందించినవాళ్లలో విభీషణుడూ ఉన్నాడు. అదీ వాల్మీకి చెప్పిందే. ఆ కన్నీళ్లూ ఆ అభినందనా ఒకే మనిషివి. మీరు రెండోది ఉంచుకుని మొదటిది తీసేశారు. ఆ తీసేసినదాని గురించే ఈ ఉత్తరం.

నేను చాలా ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. పద్యానికి ప్రతిపదార్థం రాయించడంతో సరిపెట్టుకోలేక, పిల్లల ముందు భారతం విప్పుకుని కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి. మీ మీద కోపంతో రాయడం లేదు. ఈ కథలు ఇంకా జనం నోట్లో నానుతున్నాయంటే అందులో మీ శ్రమ ఎంతో ఉంది. కానీ విశ్వాసం అనే ఒక్క విషయంలో మీరు ఈ కథలకు అన్యాయం చేస్తున్నారని నా నమ్మకం. ఎవరు ఎవరి పక్షాన నిలబడ్డారన్నది మీరు శ్రద్ధగా చూపిస్తున్నారు. నిలబడడానికి ముందు ఎంత నలిగారో, నిలబడ్డాక ఏం పోగొట్టుకున్నారో వదిలేస్తున్నారు. అది వదిలేస్తే మిగిలేది జట్ల జాబితా. అందుకోసం అంత పెద్ద కావ్యాలు అవసరం లేదు.

మన భాషే ఈ పాత్రల మీద ఎప్పుడో తీర్పులు చెప్పేసింది, నిజమే. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటే చాలు, విభీషణుడి పేరు ఎత్తకుండానే అతని మీద నేరం మోపినట్టవుతుంది. మొండిపట్టుకు భీష్మప్రతిజ్ఞ అంటాం. పక్కనే ఉండి నీరుగార్చేవాడిది శల్యసారథ్యం. కుంభకర్ణుడి పేరు చెబితే మనకు గుర్తొచ్చేది నిద్ర మాత్రమే. సామెతను నేను తప్పుపట్టను. దానికి ఉన్నది నాలుగు మాటల చోటు. మీకు వందల పుటలున్నాయి, గంటల కొద్దీ సమయం ఉంది. మీరూ సామెతంత చోటులోనే ఆగిపోతే ఎలా?

విభీషణుడి సంగతే ముందు చూద్దాం. అతణ్ణి ద్రోహిగా చూపించేవాళ్లు ఒకవైపు, మచ్చలేని భక్తుడిగా చూపించేవాళ్లు ఒకవైపు. వాల్మీకి ఈ రెండు జట్లకూ లొంగలేదు. నలుగురు రాక్షసులతో విభీషణుడు ఆకాశంలో వచ్చి నిలిచినప్పుడు సుగ్రీవుడు అభ్యంతరం చెబుతాడు. కష్టంలో ఉన్న అన్ననే వదిలి వచ్చినవాడు రేపు ఎవరిని వదలడని అడుగుతాడు. చక్కటి ప్రశ్న. కానీ అడుగుతున్నది ఎవరు? అన్నను రాముడి బాణంతో పడగొట్టించి గద్దె ఎక్కిన సుగ్రీవుడు. ఈ ప్రశ్నను కవి ఏరికోరి అతని నోటే పెట్టాడని నాకు అనిపిస్తుంది. అన్నదమ్ములందరూ భరతుడిలా ఉండరని రాముడు ఇచ్చిన జవాబు చదివినప్పుడు, అది సుగ్రీవుడికి ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించండి.

అక్కడే హనుమంతుడు ఇంకో మాట చెబుతాడు. వాలి పోయి సుగ్రీవుడికి రాజ్యం దక్కిందని విని, తనకూ రాజ్యం దక్కుతుందన్న ఆలోచనతోనే ఇతను వచ్చాడంటాడు. ఇతనికి రాజ్యకాంక్ష ఉందని రాముడూ అంటాడు. ఆ సంగతి తెలిసే ఆశ్రయం ఇస్తాడు. శరణన్నవాడికి అభయమివ్వడం నా వ్రతమంటాడు. సముద్రపు నీళ్లు తెప్పించి అక్కడికక్కడే లంకకు రాజుగా అభిషేకం చేయిస్తాడు. సీతను తిరిగి ఇచ్చేయమని అన్నకు మళ్లీ మళ్లీ చెప్పి, నిండుసభలో తిట్లు తిని వచ్చినవాడు ఇతనే. లంక సింహాసనం మీద చూపున్నవాడూ ఇతనే. ధర్మం కోసం వచ్చాడా, రాజ్యం కోసం వచ్చాడా అంటే రెండింటి కోసమూ వచ్చాడని వాల్మీకి మొహమాటపడకుండా చెప్పాడు. ఆ మాట చెప్పడానికి మీకు ఎందుకు మొహమాటం?

నికుంభిల దగ్గర ఇంద్రజిత్తు చిన్నాన్నను నిలదీసిన ఘట్టాన్నీ మీరు తేలికగా దాటేస్తారు. పరాయివాడు ఎంత గుణవంతుడైనా పరాయివాడే, గుణం లేకపోయినా మనవాడే మేలని ఆ కుర్రవాడు అంటాడు. ఈ మాటకు ఇవాళ్టికీ ఎంత బలం ఉందో చూడండి. కులం పేరుతో, పార్టీ పేరుతో, ప్రాంతం పేరుతో రోజూ వినిపించేది ఇదే కదా! వాల్మీకి దీన్ని చేతకాని ప్రతినాయకుడి నోట పెట్టలేదు, దేవేంద్రుణ్ణి గెలిచినవాడి నోట పెట్టాడు. జవాబు చెప్పడానికి విభీషణుడు తడుముకోడు. మా అన్న దోషాలు చూసే వదిలేశానంటాడు. ఆ తర్వాతే కళ్లకు నీళ్లు అడ్డుపడతాయి. వాదనలో గెలిచినవాడికి ఏడుపు ఎందుకొచ్చిందన్నదే కదా ప్రేక్షకుడికి చూపించాల్సింది!

కుంభకర్ణుడి దగ్గర మీరు నిద్ర లేపే హడావుడికి అరగంట ఇస్తారు. డప్పులు, ఏనుగులు, కుండలకొద్దీ ఆహారం. అవన్నీ ఉండాల్సిందే, పిల్లలకు ముచ్చట. కానీ లేచినవాడు ఏమన్నాడు? చేసేముందు ఆలోచించాల్సిందని అన్నను మందలించాడు. రావణుడికి అది నచ్చలేదు. జరిగిందేదో జరిగింది, దారితప్పినవాడికి సాయపడేవాడే చుట్టమని అన్నాడు. రావణుడి మాటల్లో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇదొక్కటే, ఎందుకంటే అది అబద్ధం కాదు. కుంభకర్ణుడు ఇంకేమీ వాదించకుండా శూలం పట్టుకుని బయలుదేరాడు. ఇద్దరు తమ్ముళ్లూ అన్న చేసింది తప్పనే అన్నారు. ఒకడు వెళ్లిపోయాడు, ఒకడు ఉండి చచ్చిపోయాడు.

ఇక కర్ణుడు. తెలుగు తెర ఇంతగా ప్రేమించిన పాత్ర ఇంకొకటి ఉండదు. సూతపుత్రుడని అతణ్ణి ఎగతాళి చేసిన ప్రతి సందర్భాన్నీ మీరు వదలకుండా చూపించారు, మంచిదే. పుట్టుకను బట్టి మనిషిని అవమానించడం ఎంత దారుణమో జనానికి చెప్పడానికి కర్ణుడికన్నా పెద్ద సాక్షి లేడు. స్వయంవరంలో సూతుణ్ణి పెళ్లాడనని ద్రౌపది అన్నట్టు కూడా చూపిస్తారు. పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు వందల రాతప్రతులు పోల్చి 1966 నాటికి పూర్తిచేసిన భారత సంశోధిత ప్రతిలో ఆ మాటకు మూలపాఠంలో చోటు దొరకలేదు. అయినా తెరమీద ఆ మాట స్థిరపడిపోయింది, ఎందుకంటే తర్వాత సభలో కర్ణుడు చేసిన పనికి అది ఒక సాకుగా పనికొస్తుంది.

సభలో అతను ఏం చేశాడు? అయిదుగురు భర్తలున్న ద్రౌపదిని కులట అన్నాడు. ఆమెను ఒంటివస్త్రంతో తెచ్చినా, వస్త్రం లేకుండా తెచ్చినా తప్పులేదన్నాడు. పాండవుల బట్టలు, ద్రౌపది బట్టలు తీసెయ్యమని దుశ్శాసనుడికి చెప్పింది అతనే. ఇది మూలంలో ఉన్న మాట. మీ కథల్లో ఆ మాట దుర్యోధనుడి నోటికో శకుని నోటికో మారిపోతుంది, కర్ణుడు ఒక మూల తలదించుకుని కూర్చుంటాడు. ఎంత ఆదరంతో చేసినా ఇది కర్ణుడికి మేలు కాదు. ఎందుకంటే తర్వాత కృష్ణుడి దగ్గర అతను పడిన పశ్చాత్తాపానికి ఇక అర్థమే ఉండదు. దుర్యోధనుడి మెప్పుకోసం పాండవులను ఆడరాని మాటలు ఆడాను, ఆ పనికి ఇప్పుడు కుమిలిపోతున్నానని అతను తన నోటితోనే చెప్పుకున్నాడు. నేరాన్ని మీరు దాచేస్తే అతని పశ్చాత్తాపం కూడా దాంతోపాటే పోతుంది.

రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని వెళ్లి జన్మరహస్యం చెబుతాడు. నువ్వే పెద్దవాడివి, రాజ్యం నీదే, ధర్మరాజు నీకు వింజామర వీస్తాడు, భీముడు గొడుగు పడతాడు అని ఆశపెడతాడు. కర్ణుడు ఏం చెప్పాడో నెమ్మదిగా చదవండి. ముందు దుర్యోధనుడి పేరు ఎత్తలేదు. రాధ పేరు ఎత్తాడు. నన్ను ఇంటికి తెచ్చిన క్షణంలోనే ఆమెకు పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఆమె ఎత్తింది, అలాంటామెకు పిండం పెట్టకుండా ఎలా మానేస్తానని అడిగాడు. అధిరథుడు తనకు జాతకర్మలు చేయించిన సంగతి చెప్పాడు. సూతుల ఇళ్లలో తాను పెళ్లిళ్లు చేసుకున్నాడని, కొడుకులు, మనవలు ఉన్నారని చెప్పాడు. దుర్యోధనుడి స్నేహం ఆ తర్వాత వచ్చింది. అంగరాజ్యం ఇచ్చినందుకు అమ్ముడుపోయిన స్నేహితుడిగా మనం అతణ్ణి చూసుకుంటున్నాం. ఆ రోజు అతను మొదట కాపాడుకున్నది గుడ్డలు ఉతికిన తల్లిని.

అయితే ఆ విశ్వాసం నిఖార్సైనదా అంటే, దానికీ బీటలున్నాయి. భీష్ముడు తనను అర్ధరథుడన్నాడని అలిగి, ఆయన పడేదాకా ఆయుధం పట్టనన్నాడు. యుద్ధం జరిగింది 18 రోజులు. అందులో 10 రోజులు ప్రాణమిత్రుడు డేరాలో కూర్చున్నాడు. దుర్యోధనుడి తమ్ముళ్లు ఆ రోజుల్లో వరసగా చస్తూనే ఉన్నారు. స్నేహం గొప్పదా, అభిమానం గొప్పదా అంటే ఆ 10 రోజులూ కర్ణుడిది ఒకటే జవాబు.

అంతకు ముందే మరొకటి జరిగింది. గంగ ఒడ్డున తూర్పుముఖంగా నిలబడి కర్ణుడు జపం చేసుకుంటుంటే కుంతి వెనక వచ్చి నిలబడింది. ఎండకు తాళలేక కొడుకు ఉత్తరీయం నీడలో, వాడిపోయిన తామరదండలా నిలబడిందంటాడు వ్యాసుడు. పుట్టగానే నీళ్లలో వదిలేసిన బిడ్డ, వీపు కాలేదాకా జపం ఆపకుండా, తనకు తెలియకుండానే ఆమెకు నీడ ఇస్తున్నాడు. ఈ ఒక్క దృశ్యానికి ఏ సంభాషణ అవసరం లేదు. నేపథ్య సంగీతం కూడా వద్దు.

అక్కడ కర్ణుడు ఆమెకు మాట ఇచ్చాడు. అర్జునుణ్ణి తప్ప నీ కొడుకులెవరినీ చంపను, నేనైనా అర్జునుడైనా ఒకరం మిగులుతాం, నీకు అయిదుగురు కొడుకులూ ఉంటారని. యుద్ధంలో భీముడు, నకులుడు, సహదేవుడు, చివరికి ధర్మరాజు కూడా అతని చేతికి చిక్కారు. అందరినీ వదిలేశాడు. భీముణ్ణి వింటికొనతో పొడిచి, తిండిపోతువని తిట్టి మరీ పొమ్మన్నాడు. ధర్మరాజును ప్రాణాలతో పట్టుకోవడమే ద్రోణుడు సేనాపతి అయిన నాటి నుంచి కౌరవుల ఎత్తుగడ అన్న సంగతి గుర్తుంచుకోండి. అంటే, కన్నతల్లికి ఏకాంతంలో ఇచ్చిన మాట కోసం కర్ణుడు దుర్యోధనుడి గెలుపును చేతులారా జారవిడిచాడు. అతణ్ణి స్నేహధర్మానికి నిలువెత్తు రూపమంటూ మీరు చెప్పే కథలో ఇది ఎక్కడ ఇముడుతుంది? ఇమడదు. అందుకే వదిలేశారు. నా దృష్టిలో కర్ణుడు నిజంగా పెద్దవాడైంది ఇక్కడే, రెండు మాటల మధ్య నలిగిపోయి రెండింటికీ పూర్తిగా న్యాయం చేయలేకపోయిన చోట.

ఇప్పుడు నా తరగతిలో జరిగినది ఒకటి చెప్పాలి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు సభాపర్వంలో వికర్ణుడి సంగతి చెప్పాను. కౌరవుల్లో ఒకడు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలంతా నోళ్లు మూసుకుంటే లేచి నిలబడినవాడు. వేట, తాగుడు, జూదం, స్త్రీలోలత్వం అనే వ్యసనాల్లో మునిగినవాడు చేసే పని చెల్లదన్నాడు. ద్రౌపది అయిదుగురికీ భార్య, ఒక్కడు ఎలా ఒడ్డుతాడని అడిగాడు. తనను తాను ఓడిపోయాక ఆమెను ఒడ్డాడన్నాడు. ఆమె పేరు ఎత్తి పందెం పెట్టించింది శకుని అన్నాడు. కాబట్టి ఆమెను ఎవరూ గెలవలేదన్నాడు. కుర్రవాడివి, నీకేం తెలుసని కర్ణుడు కసిరి కూర్చోబెట్టాడు.

పిల్లలకు వికర్ణుడు బాగా నచ్చాడు. ముందు బల్లమీది కుర్రవాడు లేచి, ‘టీచర్, మరి యుద్ధంలో వికర్ణుడు ఎటువైపు?’ అన్నాడు. కౌరవుల వైపే అన్నాను. ‘అయితే ఆ రోజు మాట్లాడి ఏం లాభం?’ అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి అంది: ‘మాట్లాడాక ఇంటికే కదా వెళ్లాలి, టీచర్!’

ఆ అమ్మాయి ఇంటి పరిస్థితి నాకు కొంచెం తెలుసు. అందుకే ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను. పిల్లలకు గందరగోళంగా ఉంటుందని, మంచివాళ్లనూ చెడ్డవాళ్లనూ విడదీసి చెప్పాలని మీలో కొందరు అంటారు. పిల్లలు మనకన్నా ముందే ఆ గందరగోళంలో బతుకుతున్నారు. తండ్రిది తప్పని తెలిసీ తండ్రినే ప్రేమించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లకు వికర్ణుడి కథ సగంలో ఆపి చెప్పకండి. 14వ రోజున భీముడు వికర్ణుణ్ణి చంపాడు, చంపి దుఃఖపడ్డాడు. నూరుగురినీ చంపుతానని ప్రతిజ్ఞ పట్టాను కాబట్టి నువ్వూ పోయావు, నువ్వు మా మేలు కోరినవాడివని అతని కోసం బాధపడ్డాడు. ద్రౌపది తరఫున నోరువిప్పినవాణ్ణి ద్రౌపది కోసం పట్టిన ప్రతిజ్ఞే బలి తీసుకుంది. ఇక్కడ ఎవరిని తప్పుపడతారు? ఎవరినీ తప్పుపట్టకుండా ఉండగలరా?

అదే సభలో విదురుడు ఒక లెక్క చెప్పాడు. తన కొడుకు విరోచనుడికీ సుధన్వుడికీ మధ్య తగువు తీర్చాల్సివచ్చిన ప్రహ్లాదుడికి కశ్యపుడు చెప్పిన లెక్క అది. నిందించాల్సిన పనిని సభ నిందించకపోతే, ఆ పాపంలో సగం సభాపతికి, పావు చేసినవాడికి, పావు నోరుమూసుకున్న సభ్యులకు. చేసినవాడి వాటా, చూస్తూ కూర్చున్నవాళ్ల వాటా సమానం! ప్రహ్లాదుడు కన్నకొడుక్కు వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఈ కథ విన్న తర్వాత కూడా సభలో ఏ రాజూ నోరు విప్పలేదు.

తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడి నోట పెట్టిన పద్యం మీలో చాలామందికి కంఠస్థమే. పాపం ధర్మాన్ని, బొంకు సత్యాన్ని చెరుస్తుంటే ‘దక్షులెవ్వార లుపేక్ష సేసిరది వారల చేటగు’ అంటాడు. అడ్డుకోగల శక్తి ఉండీ ఊరుకున్నవాళ్లకే అది చేటు అని. ఆ మాట ఎవరికి తగులుతుందో సభలో ఉన్న ప్రతి పెద్దకూ తెలుసు. భీష్ముడికి అందరికన్నా బాగా తెలుసు.

భీష్ముణ్ణి మీరు తెల్లగడ్డం, గంభీరమైన గొంతు, ప్రతిజ్ఞ, అంపశయ్యలతో సరిపెడుతున్నారు. యుద్ధం మొదలయ్యే ఉదయం ధర్మరాజు కవచం విప్పి, కాలినడకన వచ్చి ఆయన పాదాలు పట్టుకున్నప్పుడు ఆయన అన్న మాట చూపించండి. మనిషి సొమ్ముకు బానిస, సొమ్ము ఎవరికీ బానిస కాదు, కౌరవులు నన్ను సొమ్ముతో కట్టేశారు, అందుకే చేతకానివాడిలా మాట్లాడుతున్నానన్నాడు. స్వచ్ఛందంగా రాజ్యం వదులుకున్నవాడు, పెళ్లి వదులుకున్నవాడు, సొమ్ముకు బానిసనంటున్నాడు! ఉప్పు తిన్న విశ్వాసం అని మనం గర్వంగా చెప్పుకునేదాన్ని ఆయన గర్వంగా చెప్పుకోలేదు, సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు. ధర్మరాజు అక్కడి నుంచి ద్రోణుడి దగ్గరికి వెళితే ఆయనా అదే మాట. కృపుడూ అదే మాట. శల్యుడూ అదే మాట. ఒకే వాక్యం నలుగురు పెద్దల నోట. భారతంలో ఇంత భయంకరమైన పునరుక్తి ఇంకొకటి నాకు కనిపించలేదు. నిడివి కోసం కత్తిరించేటప్పుడు దీని జోలికి రావద్దని వేడుకుంటున్నాను.

శల్యుడి గురించి ఒక్కమాట. అతనిది నమ్మకద్రోహమని సామెత చెబుతుంది. కర్ణుడి ఉత్సాహం చంపమని అతణ్ణి అడిగింది ధర్మరాజు. చేయకూడని పనే అయినా చేయి, మేనమామా అని తెలిసే అడిగాడు.

ఈ మధ్య ప్రతినాయకుల వైపు నుంచి కథలు చెప్పడం ఎక్కువైంది. రావణుడే వీరుడు, దుర్యోధనుడే న్యాయమూర్తి, విభీషణుడు అమ్ముడుపోయినవాడు. గెలిచినవాళ్ల కథనే ఎందుకు నమ్మాలన్న ప్రశ్న మంచి ప్రశ్నే. కానీ చాలామంది చేస్తున్నది పాత బొమ్మలకు రంగులు మార్చడమే. నిన్నటి నలుపు ఇవాళ తెలుపు, నిన్నటి తెలుపు ఇవాళ నలుపు. వాల్మీకి, వ్యాసుడు ఓడినవాళ్ల మాట వినలేదని అనేముందు, ఇంద్రజిత్తుకు అంత పదునైన వాదన ఇచ్చింది ఎవరో, కర్ణుడి చేత రాధ గురించి అన్ని మాటలు చెప్పించింది ఎవరో ఒక్కసారి చూడండి.

చివరగా ఇద్దరి గురించి చెప్పాలి. మీ కథల్లో వీళ్లకు చోటే దొరకడం లేదు.

భీష్మద్రోణుల దీవెనలు అందుకుని వెనక్కి వస్తూ ధర్మరాజు రెండు సేనల నడుమ ఆగి, మా పక్షానికి వచ్చేవాళ్లుంటే రండని పిలిచాడు. ఒక్కడు వచ్చాడు. ధృతరాష్ట్రుడికి వైశ్యస్త్రీ వల్ల పుట్టిన యుయుత్సుడు. చాటుగా రాలేదు, భేరి మోగించి మరీ వచ్చాడు. ధృతరాష్ట్రుడి పిండం, వంశం ఇక నీ మీదే నిలిచేలా ఉన్నాయని ధర్మరాజు ఆ క్షణంలోనే అన్నాడు. అలాగే జరిగింది. ఏళ్ల తర్వాత ధృతరాష్ట్రుడు అడవిలో కార్చిచ్చులో కాలిపోయినప్పుడు, పాండవులు గంగలో దిగి యుయుత్సుణ్ణి ముందు నిలబెట్టి తర్పణం వదిలారు. లంకలోనూ అంతే. రావణుడు పడ్డాక విభీషణుడు మొదట ఏడ్చాడు, తర్వాత అన్న రూపంలో ఉన్న శత్రువుకు సంస్కారం చేయనన్నాడు. వైరాలు చావుతో సరి, ఇతను నీకెంతో నాకూ అంతేనని రాముడు చెప్పాక చేశాడు. ఉండిపోయినవాళ్లు తోడుగా చచ్చిపోయారు. వదిలి వెళ్లినవాళ్లు మిగిలి అంత్యక్రియలు చేశారు. ద్రోహి అని పిలవడానికి నోరు తెరిచేముందు ఆ నీళ్లు వదిలిన చేతులను ఒకసారి చూపించండి.

రెండోవాడు కృపుడు. అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లను చంపుదామన్నప్పుడు కృపుడు వద్దన్నాడు. ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదామన్నాడు. మేనల్లుడు వినలేదు, రథమెక్కి బయలుదేరాడు. కృపుడూ వెంట వెళ్లాడు. వద్దన్నవాడే శిబిరం వాకిట్లో కృతవర్మతో కలిసి నిలబడి, ప్రాణభయంతో బయటికి పరుగెత్తి వచ్చినవాళ్లను నరికాడు. లోపల ద్రౌపది కొడుకులు అయిదుగురూ పోయారు. ఆ తర్వాత అశ్వత్థామ అస్త్రం ఉత్తర గర్భం మీదికీ వెళ్లింది.

ఆ గర్భంలోని బిడ్డ పరీక్షిత్తు. పాండవులు అన్నీ వదిలి బయలుదేరేముందు అతనికి పట్టం కట్టి, రాజ్యం చూసుకొమ్మని యుయుత్సుడికి అప్పగించారు. పిల్లవాడికి గురువుగా ఎవరిని పెట్టారో తెలుసా? కృపుణ్ణి. ధర్మరాజు ఆయన్ను పూజించి మరీ శిష్యుణ్ణి చేతుల్లో పెట్టాడు. ఇది క్షమా, అలసటా, ఇంకెవరూ మిగలకపోవడమా? వ్యాసుడు చెప్పలేదు. నేనూ చెప్పలేను. మీరూ చెప్పనక్కర్లేదు, చూపిస్తే చాలు.

అయిదుగురు అన్నదమ్ములు, ద్రౌపది నారచీరలు కట్టి నడుస్తున్నారు. వెనక ఒక కుక్క వెళుతోంది. సాగనంపడానికి వచ్చిన పురజనులు ఒక చోట ఆగి వెనుదిరిగారు. కృపుడు మొదలైనవాళ్లు యుయుత్సుడి చుట్టూ చేరారు. పక్షం మారినవాడు, మారనివాడు, ఇద్దరూ కలిసి ఆ పిల్లవాడున్న ఊరికి తిరిగి నడిచారు. ఇప్పటిదాకా ఈ దృశ్యాన్ని నేను ఏ తెరమీదా చూడలేదు. మీలో ఎవరైనా తీస్తే చూడాలని ఉంది.

మీ కథల కోసం ఎదురుచూసే
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు